నిర్ణయం గూడెంలో, పనిముట్లు తాలూకాలో: సిరోంచ వైపు పంచాయతీల లెక్క

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకాలో ప్రాణహిత పక్కనున్న ఒక గూడెంలో చేతిపంపు చెడిపోయిందనుకుందాం. నలభై ఇళ్ళకు అదొక్కటే పంపు. గ్రామపంచాయతీ ఆఫీసు ఏడెనిమిది కిలోమీటర్ల అవతల, పెద్ద ఊళ్ళో ఉంది. గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) చేతిలో రెండు పంచాయతీలుంటే ఆ రోజు ఏ ఊళ్ళో కూర్చుంటాడో ముందే కనుక్కుని బయల్దేరాలి. అతను దొరికినా, పంపు విప్పే మెకానిక్ పంచాయతీ మనిషి కాదు. తాలూకా స్థాయి పంచాయత్ సమితి నుంచి, అంటే సిరోంచ నుంచి రావాలి. పాత బోరు పనికిరాదు, కొత్తది వెయ్యాలి అని తేలితే కాగితం గడ్చిరోలిలోని జిల్లా పరిషత్తు దాకా పోతుంది. సిరోంచ నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు.

ఈ జబ్బుకు రెండు మందులు చెబుతారు. ఆఫీసు దూరమైంది కాబట్టి పంచాయతీలను చిన్నవి చేసి ప్రతి గూడేనికీ ఒక సర్పంచ్‌ను ఇవ్వాలన్నది ఒక వాదం. చిన్న పంచాయతీకి డబ్బూ ఉండదు, మనుషులూ ఉండరు, కాబట్టి నాలుగైదింటిని కలిపి గట్టి పంచాయతీ చెయ్యాలన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. రెండింటిలోనూ ఒకే పొరపాటు కూడా ఉంది: పంచాయతీ చేసే పనులన్నిటికీ ఒకే కొలత సరిపోతుందనుకోవడం. పంపు ఎక్కడ వెయ్యాలో తేల్చడానికి నలభై ఇళ్ళు చాలు. పంపు బాగుచేసే మనిషికి ఏడాది పొడుగునా జీతమిచ్చి పెట్టుకోవాలంటే నలభై ఊళ్ళు కావాలి. ఈ రెండు పనులనూ విడదీసి చూస్తే సగం చిక్కు అక్కడే వీడుతుంది.

అవతలి ఒడ్డున ఏం జరిగింది

సిరోంచలో ఎవరిని అడిగినా ముందుగా గోదావరి అవతలి సంగతే ఎత్తుతారు. వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ. అక్కడ 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలను, గూడేలను విడి పంచాయతీలు చేశారు. ఒక్కసారిగా 4,383 కొత్త పంచాయతీలు వచ్చి మొత్తం సంఖ్య 12,751కి చేరింది. చుట్టాలింటికి పోయి వచ్చినవాళ్ళు అక్కడి చిన్న గూడేనికి సొంత సర్పంచ్, సొంత కార్యదర్శి, సొంత ట్రాక్టర్ ఉన్నాయని చెబితే ఇక్కడివాళ్ళకు ఆశ పుట్టడం సహజం.

ఆ మార్పుతో వచ్చిన లాభం చిన్నది కాదు. తరాలుగా పెద్ద ఊరి పటేల్ గడప దగ్గర నిలబడి అడుక్కున్న తండావాళ్ళు తమలో ఒకరిని సర్పంచ్ కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. ఆ గౌరవానికి రూపాయల్లో వెల కట్టలేం. కానీ ట్రాక్టర్‌కు నెలనెలా కిస్తీ ఉంటుంది, డీజిల్ ఉంటుంది. వీధి దీపాల కరెంటు బిల్లు, పారిశుధ్య కార్మికుల జీతాలు, నర్సరీ, చెత్త వేసే షెడ్డు ఉంటాయి. ఊరు చిన్నదైనంత మాత్రాన ఈ ఖర్చులు అంతగా తగ్గవు. ఇళ్ళు తక్కువైతే పన్ను మాత్రం కచ్చితంగా తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో అంకెల్లో చూద్దాం. 2021 నుంచి 2026 దాకా అయిదేళ్ళకు 15వ ఆర్థిక సంఘం దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు కేటాయించింది 2,36,805 కోట్ల రూపాయలు. 2011 లెక్కల ప్రకారం గ్రామీణ జనాభా 83 కోట్ల పైచిలుకు. సగటున తలకు ఏడాదికి 570 రూపాయల దాకా పడుతుంది. మహారాష్ట్రలో ఇందులో 80 శాతం గ్రామపంచాయతీకి, 10 శాతం పంచాయత్ సమితికి, 10 శాతం జిల్లా పరిషత్తుకు పోతుంది. అంటే పంచాయతీ చేతికి తలకు 455 రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి, విస్తీర్ణాన్ని బట్టి ఇది మారుతుంది కానీ అంచనాకు ఈ సంఖ్య చాలు.

ఆ లెక్కన 500 మంది ఉన్న పంచాయతీకి ఏడాదికి వచ్చేది సుమారు 2 లక్షల 27 వేలు. అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే కట్టేసిన డబ్బు. మిగిలిన 91 వేలే ఊరు తనకు కావలసిన పనికి వాడుకోగలదు. ఆ 91 వేలనూ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదన్నది నిబంధన. కాబట్టి నీళ్ళు వదిలే మనిషికి, ఊడ్చే మనిషికి సొంత రాబడి నుంచే ఇవ్వాలి. ఒక్కొక్కరికి నెలకు 7 వేలే అనుకున్నా ఇద్దరికి ఏడాదికి 1 లక్షా 68 వేలు. ఊళ్ళో 120 ఇళ్ళుండి, ఇంటికి 600 చొప్పున ఘర్‌పట్టి (ఇంటి పన్ను) ఒక్కరూ ఎగ్గొట్టకుండా కట్టినా వచ్చేది 72 వేలు. రాష్ట్రం కొంత జీతభాగం ఇస్తుంది. అదీ పన్ను వసూలు శాతంతో ముడిపడి ఉంటుంది. అడవి ఊళ్ళలో చేతిలో డబ్బు ఆడేది తునికాకు సీజన్లో, వరి అమ్మాక. వసూలు మాత్రం మార్చి నెలాఖరు లెక్క చూస్తుంది. పైగా సొంత రాబడిలో 15 శాతం దళిత, వెనకబడిన వర్గాలకు, 10 శాతం మహిళలు, పిల్లలకు, 5 శాతం వికలాంగులకు విడిగా ఖర్చుపెట్టాలి. అవి ఉండవలసిన కేటాయింపులే. కాకపోతే 72 వేలలో 5 శాతమంటే 3,600. దానితో ఒక వికలాంగుడికి చక్రాల కుర్చీ కూడా రాకపోవచ్చు.

అదే లెక్క 3,000 మంది ఉన్న పంచాయతీకి వేస్తే ఆర్థిక సంఘం డబ్బు 13 లక్షల 60 వేలు, ఊరు తన ఇష్టప్రకారం వాడుకోగలిగేది సుమారు 5 లక్షల 45 వేలు. 720 ఇళ్ళ పన్ను 4 లక్షల 32 వేలు. ముగ్గురు మనుషులకు జీతమిచ్చినా ఇంకా మిగులుతుంది. పంచాయతీలను కలపాలనేవాళ్ళ బలమంతా ఈ లెక్కలోనే ఉంది. దాన్ని కొట్టిపారెయ్యలేం.

కలిపితే ఏం పోతుంది

ఇంకా పెద్దవి చేస్తే ఇంకా మేలు కదా అంటూ కేరళను చూపిస్తారు. కేరళ మొత్తానికి 941 గ్రామపంచాయతీలే. ఒక్కోదానిలో జనం 20 వేల పైమాటే. అక్కడ ఇంజనీరు, అకౌంటు గుమస్తా, వ్యవసాయ అధికారి పంచాయతీ కిందే పనిచేస్తారు. 1978లో అశోక్ మెహతా కమిటీ 15 నుంచి 20 వేల జనాభాకు ఒక మండల పంచాయతీ చాలన్నదీ ఇలాంటి ఆలోచనతోనే. ఆంధ్రలో 1986లో సమితులు పోయి మండలాలు రావడానికి దారి వేసిందీ ఆ ఆలోచనే.

గడ్చిరోలిలో ఆ కొలత పనికిరాదు. జిల్లా విస్తీర్ణం 14,412 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా 10 లక్షల 72 వేలు. చదరపు కిలోమీటరుకు 74 మంది. కేరళలో 860. 25 వేల మందితో పంచాయతీ కట్టాలంటే కేరళలో 30 చదరపు కిలోమీటర్లు సరిపోతుంది, ఇక్కడ దాదాపు 340 కావాలి. మధ్యలో వాగులు, అడవి. వానాకాలంలో సభకు రమ్మంటే ఎవరొస్తారు? కేరళ నుంచి నేర్చుకోవలసింది పంచాయతీ పరిమాణం కాదు, మరొకటి ఉంది. అక్కడ గ్రామసభ పంచాయతీ అంతటికీ ఒకటి కాదు, వార్డుకొకటి. పనిచేసే చేతులు పెద్ద యూనిట్లో, మాట్లాడే నోళ్ళు చిన్న యూనిట్లో ఉండేలా ఏర్పాటు చేసుకున్నారు.

మన వైపు ఉన్నది గట్ గ్రామపంచాయతీ, అంటే మూడు నాలుగు ఊళ్ళకు ఒక పంచాయతీ. దీనిలో గూడేలు ఎలా మాయమవుతాయో చూడాలంటే ఒక ఊహా పంచాయతీని తీసుకుందాం. పెద్ద ఊళ్ళో 1,400 మంది, మూడు గూడేల్లో 400, 180, 120. మొత్తం 2,100. మహారాష్ట్ర లెక్కలో 1,500 దాకా 7 మంది సభ్యులు, 1,501 నుంచి 3,000 దాకా 9 మంది. అలా పెరుగుతూ 17 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఇక్కడ 9 మంది. ఒక్కో ప్రభాగ్ (వార్డు) నుంచి ఇద్దరో ముగ్గురో ఎన్నికవుతారు. మూడు ప్రభాగ్‌లు చేస్తే పెద్ద ఊరికి రెండు, మూడు గూడేలకు కలిపి ఒకటి. ఇంతవరకు న్యాయమే. చిక్కు ఓటేసే పద్ధతిలో ఉంది. ముగ్గురిని ఎన్నుకునే చోట ఓటరుకు మూడు ఓట్లు. 400 మంది ఉన్న గూడెం ఒక్క మాట మీద ఉంటే ముగ్గురూ అక్కడివాళ్ళే గెలుస్తారు. 180, 120 మంది ఉన్న గూడేలకు అయిదేళ్ళపాటు ఒక్క సభ్యుడూ ఉండడు. కాగితం మీద ప్రాతినిధ్యం ఉంటుంది, మనిషి ఉండడు.

ఒక్కో ప్రభాగ్‌కు ఒక్కరే సభ్యుడైతే సగటున 233 మందికి ఒకరు. పెద్ద గూడేనికి ఇద్దరు, చిన్నవి రెండింటికి కలిపి ఒకరు వస్తారు. జనాభా అచ్చంగా సమానం కాదు కానీ వీలైనంతవరకు సమానంగా ఉంటే చాలు. మహిళల, ఆదివాసుల, దళితుల రిజర్వేషన్‌ను ఒకే చోట సర్దడానికి ఎక్కువమంది సభ్యుల ప్రభాగ్ సులువన్నది నిజం. ఒకరి చొప్పున చేస్తే అదే రిజర్వేషన్‌ను ప్రతి ఎన్నికకూ ప్రభాగ్‌లు మార్చుతూ తిప్పాలి. పని పెరుగుతుంది. అయినా గూడేలు దూరదూరంగా ఉన్న చోట ఆ పని పడటమే మంచిది.

సర్పంచ్‌ను ఎవరు ఎన్నుకోవాలి

ఈ ప్రశ్న మీద మహారాష్ట్ర ఎన్నిసార్లు మాట మార్చిందో చూస్తే దీని లోతు అర్థమవుతుంది. మొదట సభ్యులే తమలో ఒకరిని సర్పంచ్‌గా ఎన్నుకునేవారు. 2017లో జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చారు. 2020లో తీసేశారు. 2022లో మళ్ళీ తెచ్చారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పద్ధతి మారింది. ఏ పద్ధతినైనా నిలకడగా రెండు మూడు ఎన్నికలు నడిపి, ఫలితం చూసి దిద్దుకునే అవకాశమే ఊళ్ళకు దక్కలేదు. ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే.

సభ్యులు ఎన్నుకునే పద్ధతిలో తొమ్మిది మందిలో అయిదుగురిని సర్దుకుంటే కుర్చీ దక్కుతుంది. ఎన్నికయ్యాక నాలుగు రోజులు సభ్యులను ఊరి బయట దాచిపెట్టడం, ఏడాదిన్నరకు అవిశ్వాసం పెట్టి ఇంకొకరిని ఎక్కించడం దీనికి పట్టిన తెగుళ్ళు. పై లెక్కలోని పంచాయతీలో పెద్ద ఊరి ఆరుగురు ఒకటైతే గూడేల ముగ్గురి మాట వినేవాడుండడు.

జనం నేరుగా ఎన్నుకుంటే బేరాలు తగ్గుతాయి. పెద్ద ఊరు రెండు వర్గాలుగా చీలిందంటే గూడేల ఓట్లే గెలుపోటములను తేలుస్తాయి. అభ్యర్థి వాగు దాటి రాక తప్పదు. ఇది నిజమైన లాభం. కానీ దీని తెగులు వేరు. సర్పంచ్ ఒక వర్గం, సభ్యుల్లో ఎక్కువమంది ఇంకో వర్గం అయితే మాసిక సభలో (నెలవారీ సమావేశంలో) ఠరావు, అంటే తీర్మానం, పడదు. ఖర్చు మంజూరు కాకపోతే సర్పంచ్, గ్రామసేవక్ ఇద్దరి డిజిటల్ సంతకాలూ ఉండి లాభం లేదు. డబ్బు ఖాతాలో ఉంటుంది, పని జరగదు.

నేరుగా ఎన్నికైన సర్పంచ్‌ను దించడానికి సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి, ఆ మీదట గ్రామసభలో రహస్య ఓటింగ్‌లో అది నెగ్గాలి. జనం ఎన్నుకున్నవాడిని జనమే దించాలన్న ఆ ఆలోచన సరైనది. అయితే ఆ గ్రామసభ జరిగేది పెద్ద ఊళ్ళో. ఏడు కిలోమీటర్లు నడిచి ఓటెయ్యడానికి కూలి మానుకుని గూడెంవాళ్ళు ఎంతమంది వస్తారు? గూడేల ఓట్లతో గెలిచిన సర్పంచ్‌ను గూడేలు లేని సభ దించే ప్రమాదం ఉంది. ఆ ఓటింగ్ ప్రతి గూడెంలో విడిగా పెట్టి లెక్క కలిపితే ఈ లోపం పోతుంది. సాధారణ ఎన్నికకు గూడెంలో పోలింగ్ పెట్టగలిగినవాళ్ళకు ఇది చేతకాని పని కాదు.

ఎన్నికే జరగకపోతే

సామర్థ్యమా, ప్రాతినిధ్యమా అన్న చర్చలో మూడో సంగతిని మరచిపోతారు. రెండూ లేని స్థితి ఒకటుంది. దాని పేరు ప్రశాసకుడి పాలన, అంటే ఎన్నికైన సభ బదులు ప్రభుత్వ అధికారి నడిపే పాలన. గడ్చిరోలి జిల్లా పరిషత్తుకు 51 గట్‌లు (ఎన్నికల నియోజకవర్గాలు). ఒక్కో గట్‌లో రెండు గణ్‌లు పంచాయత్ సమితి సభ్యులను ఎన్నుకుంటాయి. 2017లో ఎన్నికైన సభ్యుల పదవీకాలం 2022 మార్చితో ముగిసింది. రాజ్యాంగం 243ఈ అధికరణం ప్రకారం కాలం తీరకముందే ఎన్నిక జరిగి ఉండాలి. ఓబీసీ రిజర్వేషన్ మీద 2021 మార్చి 4న సుప్రీంకోర్టు మూడు షరతులు పెట్టింది. ప్రత్యేక కమిషన్ లెక్క తియ్యాలి, సంస్థవారీగా శాతం తేల్చాలి, మొత్తం రిజర్వేషన్ 50 శాతం దాటకూడదు. ఆ వివాదంలో రాష్ట్రమంతటా ఎన్నికలు ఆగిపోయాయి. 2025 మే 6న మళ్ళీ సుప్రీంకోర్టే నాలుగు నెలల్లో ఎన్నికలు పెట్టమనాల్సి వచ్చింది. అంటే మూడేళ్ళకు పైగా జిల్లా, తాలూకా స్థాయుల్లో ఎన్నికైన మనిషి లేడు.

ఈ మూడేళ్ళలో అధికారి ఒక్కడే నిర్ణయించాడు కాబట్టి పని వేగంగా జరిగి ఉంటుందని అనుకోవచ్చు. అలా జరగదు. ఎన్నికైన సభ లేని సంస్థకు ఆర్థిక సంఘం డబ్బు ఇవ్వరు. కాబట్టి జిల్లా పరిషత్తు, పంచాయత్ సమితుల పది పది శాతం వాటాలకు గండి పడింది. పంపు మెకానిక్ ఉండేది పంచాయత్ సమితిలోనే అన్నది ఇక్కడ గుర్తుకు రావాలి. ప్రాతినిధ్యం ఆగిపోతే సామర్థ్యం కూడా ఎలా కుంటుపడుతుందో ఇంతకన్నా సూటిగా చూపించే ఉదాహరణ లేదు.

మహారాష్ట్రలో ఈ రెండు మెట్లు ఉత్తుత్తివి కావు. వసంతరావు నాయిక్ కమిటీ సిఫార్సు మీద వచ్చిన 1961 చట్టం జిల్లా పరిషత్తును బలంగా నిలబెట్టింది. ప్రాథమిక బడులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, చిన్న చెరువులు, ఊరి రోడ్లు దాని చేతిలో పెట్టింది. కలెక్టర్‌తో సంబంధం లేకుండా విడిగా ముఖ్య కార్యనిర్వహణాధికారిని ఇచ్చింది. అంత బలమైన సంస్థ ఖాళీగా ఉంటే నష్టం కూడా అంతే పెద్దది.

కొర్చి చూపిన దారి

జవాబు కోసం కేరళ దాకా పోనక్కర్లేదు, జిల్లా ఉత్తర భాగానికి పోతే చాలు. ధానోరా తాలూకాలోని మెండా లేఖా అనే చిన్న ఊరికి 2009లో 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011లో వెదురు రవాణా అనుమతి పుస్తకం ఊరి చేతికే అందింది. "ఢిల్లీ ముంబైల్లో మా సర్కారు, మా ఊళ్ళో మేమే సర్కారు" అన్నది ఆ ఊరి నినాదం. 500 మంది ఊరు ఏం చెయ్యలేదని పైన వేసిన లెక్క అక్కడ తలకిందులైంది. కారణం ఒక్కటే. ఊరికి వెదురు రూపంలో సొంత రాబడి వచ్చింది. ఊరు చిన్నదవడం జబ్బు కాదు, రాబడి లేకపోవడం జబ్బు.

ప్రతి ఊరికీ అంత అడవి ఉండదు, ఒంటరి ఊరు తునికాకు వేలంలో గుత్తేదారుతో బేరమాడలేదు. కొర్చి తాలూకాలో దాదాపు 90 గ్రామసభలు మహాగ్రామసభగా కలిసి ఆ పని చేశాయి. ఏ గ్రామసభా తన ఉనికిని వదులుకోలేదు. తమ అడవిలో ఎప్పుడు కొయ్యాలి, ఎంత కొయ్యాలి అన్నది ఊరే తేల్చుకుంటుంది. బేరం, లెక్కలు, కాగితం మాత్రం కలిసి చేస్తారు. విలీనానికీ పొత్తుకూ తేడా అక్కడుంది.

ఈ పద్ధతిని మామూలు పంచాయతీ పనులకూ వాడొచ్చు. రెండు మూడు స్థానిక సంస్థలు కలిసి ఒక పనికి ఉమ్మడి కమిటీ వేసుకోవడానికి 1958 గ్రామపంచాయతీ చట్టంలోనే దారి ఉంది, జిల్లా పరిషత్తు అనుమతి ఉంటే చాలు. అయిదు పంచాయతీలు కలిసి ఒక పంపు మెకానిక్‌ను, ఒక ట్రాక్టర్‌ను, ఒక లెక్కల మనిషిని పెట్టుకుంటే ఒక్కోదానికి అయిదో వంతు ఖర్చే. ఇలాంటి పొత్తులు విఫలమయ్యేది సాధారణంగా మూడు చోట్ల. ట్రాక్టర్ ఏ ఊళ్ళో నిలబడాలన్నది రాసుకోరు, చివరకు పెద్ద ఊరి సర్పంచ్ వాకిట్లో నిలబడుతుంది. ఒక పంచాయతీ వాటా కట్టకపోతే ఏం చెయ్యాలో రాసుకోరు. ఎవరి పని ముందో రాసుకోరు. ఈ మూడూ మొదటి ఠరావులోనే, వారాల పేర్లతో, రూపాయల లెక్కతో రాసుకోవాలి. జీతం వాటాను ఏడాది మొదట్లోనే ఉమ్మడి ఖాతాలో వెయ్యాలి. నెలనెలా వసూలు చేద్దామనుకున్న పొత్తు మూడో నెలలో విరుగుతుంది.

గూడేనికి సొంత గ్రామసభ

సిరోంచ, అహేరి, ఏటపల్లి ప్రాంతం రాజ్యాంగం ఆదివాసీ ప్రాంతాలకు కేటాయించిన అయిదో షెడ్యూలు కిందిది. ఇక్కడ 1996 పెసా చట్టం, అంటే షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన చట్టం, వర్తిస్తుంది. ఆ చట్టంలో ఊరంటే రెవెన్యూ రికార్డులోని గ్రామం కాదు. తమ వ్యవహారాలను తమ ఆచారం ప్రకారం నడుపుకునే గూడెం, టోలా (చిన్న పల్లె) కూడా ఊరే, దానికి విడిగా గ్రామసభ ఉండాలి. మహారాష్ట్ర 2014 నిబంధనల్లో దీనికి దారి ఉంది. చాలామంది దీన్ని కొత్త పంచాయతీ అనుకుంటారు. కాదు. పంచాయతీ పాతదే, సర్పంచ్ ఒకరే, గ్రామసేవక్ ఒకరే. గ్రామసభ మాత్రం గూడేనిది గూడేనికే. మొదట చెప్పిన విడదీత చట్టంలో ఇప్పటికే ఉందన్నమాట.

అడగడానికి గూడెం ఓటర్లంతా కూర్చోవాలి. సగానికి మించినవాళ్ళు ఒప్పుకుని ఠరావు రాయాలి. దానిలో గూడెం హద్దులు పేరుపేరునా ఉండాలి: ఏ వాగు, ఏ గుట్ట, ఏ దేవుడి చెట్టు. దాన్ని ఉపవిభాగీయ అధికారికి ఇచ్చి పోచ్ (అందినట్టు రసీదు) తీసుకోవాలి. పరిశీలన జరిగి, కలెక్టర్ ద్వారా పైకి పోయి ప్రకటన వస్తుంది. కాగితాలు ఎక్కువగా తిరిగొచ్చేది హద్దుల దగ్గరే. పక్క గూడెం కూడా అదే వాగును తనదని రాస్తే ఇద్దరినీ కూర్చోబెట్టేదాకా ఫైలు కదలదు. అందుకే పక్క గూడెం పెద్దలను మొదటి సమావేశానికే పిలిచి, హద్దు మీద వాళ్ళ సంతకాలు కూడా తీసుకోవడం మంచిది. ఓటర్ల జాబితాలోని వరుస నంబర్లు సంతకాల పక్కన రాస్తే సగానికి మించారా లేదా అన్న వాదం రాదు.

సభ విడిగా వచ్చాక దానికి చేతి ఖర్చు కావాలి. 2015 నుంచి మహారాష్ట్ర ఆదివాసీ ఉపప్రణాళికలో 5 శాతం డబ్బును పెసా పంచాయతీలకు నేరుగా పంపుతోంది. దాన్ని నాలుగు పద్దుల్లో నాలుగో వంతు చొప్పున ఖర్చుపెట్టాలి. మౌలిక వసతులు ఒకటి, అటవీ హక్కులు, పెసా అమలు ఇంకొకటి, ఆరోగ్యం, పారిశుధ్యం, చదువు మూడోది, అడవి, నీరు, వన్యప్రాణుల సంరక్షణ నాలుగోది. ఏ పని అన్నది గ్రామసభ తేల్చాలి. పంచాయతీలో నాలుగు గ్రామసభలుంటే డబ్బు నాలుగు చోట్లకూ చేరాలి. పెద్ద ఊరి ఆఫీసులో అన్నీ కలిపి ఒకే సిమెంటు రోడ్డు వేసేస్తే ఈ ఏర్పాటుకు అర్థం లేదు. ఖర్చు సరిగ్గా జరిగిందని వినియోగ ధ్రువపత్రం ఇవ్వవలసింది కూడా గ్రామసభే. గూడెం చేతిలో ఉన్న గట్టి ఆయుధం అది. పని చూడకుండా వేలిముద్ర వెయ్యకపోవడమే దాన్ని వాడే పద్ధతి.

పట్టణమైన చోట ఈ ఆయుధం ఉండదు. సిరోంచ గ్రామపంచాయతీ నగర పంచాయతీ అయ్యాక 17 మంది సభ్యులు వచ్చారు, ఎవరైనా లేచి అడిగే గ్రామసభ పోయింది. షెడ్యూలు ప్రాంతపు పట్టణాలకు పెసా లాంటి చట్టం పార్లమెంటు ఇంతవరకు చెయ్యలేదు.

పెసా ప్రాంతంలో సర్పంచ్ పదవులన్నీ ఆదివాసులకే. తరాలుగా ఇక్కడే ఉన్న, ఆదివాసులు కాని తెలుగు కుటుంబాలకు ఇది మింగుడుపడదు. కానీ భూమి, అడవి చేజారిన చరిత్ర ఎవరిదో తెలిసినవాళ్ళు ఈ నిబంధనను తప్పుపట్టలేరు. ఆ తెలుగు కుటుంబాలకు చోటు గ్రామసభలో ఉంది. అక్కడ ప్రతి ఓటరు మాటకూ ఒకే విలువ.

ఆ మాట ఏ భాషలో అన్నది మాత్రం అందరికీ సంబంధించిన ప్రశ్న. సభ నోటీసు మరాఠీలో, ఠరావు పుస్తకం మరాఠీలో, ఆరాఖడా (పనుల ప్రణాళిక) మరాఠీలో ఉంటాయి. సభలో మాట్లాడేది తెలుగులో, కోయలో, మాడియాలో. మాట్లాడినదొకటి, రాసినదొకటి అయితే అడగడానికి చేతిలో ఏమీ మిగలదు. పుస్తకం మరాఠీలోనే ఉండనీ. సంతకాలకు ముందు ప్రతి ఠరావునూ తెలుగులో చదివి వినిపించాలన్నది మొదటి ఠరావుగా రాయించుకోవాలి. చదివిన మనిషి పేరు కింద రాయాలి. పదో తరగతి దాకా మరాఠీలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ప్రతి గూడెంలో ఉన్నారు. ఖర్చు లేని పని ఇది.

ప్రభాగ్ హద్దులు తిరగరాసేటప్పుడు తహసీలు ఆఫీసులో ముసాయిదా పటం పెడతారు, అభ్యంతరాలకు గడువు కొద్ది రోజులే. గూడెం రెండు ప్రభాగ్‌ల మధ్య చీలిందా, టోలా పేరు పటంలో ఉందా, ఒకే ప్రభాగ్‌లోని రెండు గూడేల మధ్య వానాకాలం దాటలేని వాగు ఉందా అన్నవి ముందు చూసుకోవాలి. "మా గూడేనికి అన్యాయం జరిగింది" అని మాత్రమే రాస్తే అభ్యంతరం నిలబడదు. ఏ జనగణన బ్లాకు ఏ ప్రభాగ్‌లోకి పోవాలో, అలా మారిస్తే రెండు ప్రభాగ్‌ల జనాభా ఎంతెంత అవుతుందో అంకెలు వేసి రాసి, రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో పోచ్ వేయించుకుని రావాలి.